గాలితీగయు జూలూరుపాడును

ఖమ్మమునుండి వైరా, తల్లాడ, ఏన్కూరు మీదుగా కొత్తగూడెము పోవు బాటసారికి జూలూరుపాడు సమీపించుసరికి నేల స్వరూపము మాఱుట కనబడును. ఒకవంక ప్రత్తిచేలు, మిరపతోటలు. మఱియొకవంక టేకు, మద్ది, ఇప్ప, తునికి చెట్ల యడవి. 2016 అక్టోబరు 11వ తేదీన ఖమ్మము జిల్లానుండి వేఱుపఱచిన భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నీ మండలము చేరియున్నది. బాట ప్రక్కన పెద్ద గ్రామము, లోపల తండాలు, గూడెములు, చేల నడుమ విడివిడిగా నున్న యిండ్లు — ఇది యిచ్చటి జనావాసముల తీరు. నగరములలో బుట్టిన ప్రతి సౌకర్యమునకును ఇట్టి సరిహద్దు గ్రామమే గీటురాయి. హైదరాబాదులో బాగుగ నడచినది బాగుగ నడచినట్లు కాదు. జూలూరుపాడు దాటి అడవి యంచున నున్న చివరి యింట నడచినప్పుడే అది దేశమునకు వచ్చినదని చెప్పవలెను.

ఇట్లు గీటురాయిపై పెట్టి చూడవలసిన వస్తువొకటి నేడు మన ముందున్నది. తీగ లాగకయే ఇంటింటికి వేగవంతమైన ఇంటర్నెట్టు నందింతుమను సేవ యిది. మనదేశమున 5జీ సేవలు 2022 అక్టోబరు 1న ప్రారంభమైనవి. మఱుసటి సంవత్సరము ఆగస్టులో ఎయిర్‌టెల్ వారు ఢిల్లీ, ముంబాయి నగరములలోను, సెప్టెంబరు 19న జియోవారు హైదరాబాదుతో గూడ ఎనిమిది నగరములలోను 'ఎయిర్‌ఫైబర్' అను పేర నీ సేవను మొదలిడిరి. మన భాషలో దీనిని గాలితీగ యనవచ్చును. ఆరంభమున జియోవారు నెలకు 599 రూపాయలకు సెకనుకు 30 మెగాబిట్ల వేగ మిత్తుమనిరి; నూటికి 18 వంతుల పన్ను గలిపిన నది 707 రూపాయలకు చేరును. 2025 సంవత్సరము మధ్యకే దేశమునందలి 5జీ గాలితీగ చందాదారుల సంఖ్య 70 లక్షలు మించినది. నగరములలో మొదలైన ప్రచారము నేడు మన్నెపు బాటలదాక వచ్చుచున్నది. ఈ సమయమున నిదానించి యొక ప్రశ్న వేయుట మా విధియని తలచుచున్నాము: వచ్చినదన్నది వట్టి వార్తయా, సేవయా?

మేము దీనిని గర్హింప బూనలేదు. గాలితీగ వలన గ్రామసీమలకు గలుగదగిన మేలు స్వల్పము కాదు. గాజుతీగను, అనగా ఆప్టికల్ ఫైబరును, ఇల్లిల్లు తిరిగి వేయుట వ్యయప్రయాసలతో గూడినది. దారి పొడుగున కందకము త్రవ్వవలెను, వాగులు దాటవలెను, రోడ్డు విస్తరణకు గునపములు దిగినప్పుడెల్ల తీగ తెగుచుండును. పది యిండ్ల గూడెమునకై మూడు కిలోమీటర్లు త్రవ్వుటకు ఏ వర్తకుడును ముందుకు రాడు. గాలితీగ కీ కష్టము లేదు. ఊరిలో టవరుండును. ఇంటి కప్పుపై పళ్లెమంత పెట్టె నొకదానిని టవరు వైపునకు త్రిప్పి బిగింతురు. అది గాలిలో వచ్చు తరంగములను బట్టి, సన్నని తీగద్వారా ఇంటిలోని వైఫై రౌటరునకు జేర్చును. చేతిలోని ఫోనుకన్న నీ పెట్టెకు రెండు సదుపాయములు గలవు. అది గోడల వెలుపల, ఎత్తున నుండును; కదలదు. కావున ఇంటిలో ఫోను మూగవోయినచోట గూడ కప్పుమీది పెట్టె పలుకవచ్చును. ఇది నిజమైన మేలు. దీనిని తోసివేయువాడు పల్లెవాసికి మిత్రుడు కాడు.

అయినను తరంగములకు స్వభావమున్నది. అది ప్రకటనలు చదివి మాఱునది కాదు. 2022లో ప్రభుత్వమువారు జరిపిన వేలములో నీ సేవకు ముఖ్యమైన మూడు శ్రేణులు వర్తకుల కమ్మబడినవి. మొదటిది 700 మెగాహెర్ట్‌జ్ శ్రేణి. దీని తరంగము ఇంచుమించు మూరెడు పొడవుండును. రెండవది 3,300 మెగాహెర్ట్‌జ్ శ్రేణి. దీని తరంగము తొమ్మిది సెంటీమీటర్లు, అనగా బెత్తెడుకన్న నించుక యెక్కువ. మూడవది 26 గిగాహెర్ట్‌జ్ శ్రేణి. దీని తరంగము అర అంగుళమునకు లోపలనే. మూరెడు తరంగము దూరము పోవును, చెట్టు చాటునుండియు గోడ చాటునుండియు గొంత చొచ్చుకొని వచ్చును. కాని ఆ శ్రేణిలో లభించు వెడల్పు స్వల్పము, కావున మోయు బరువు తక్కువ. బెత్తెడు తరంగము మిక్కిలి బరువు మోయును. దట్టమైన ఆకుగుంపు అడ్డువచ్చిన నీరసించును. అర అంగుళపు తరంగము మహావేగమైనది. కాని దాని నడక కొన్ని వందల గజములు, ఎదుట ఆకు నిలిచినను వాన కురిసినను తడబడును. దూరమును వేగమును ఒక్క తరంగమే సమృద్ధిగా నీయజాలదు. ఇది కంపెనీల దోషము గాదు, ప్రకృతి ధర్మము. ఆ ధర్మమును దాచిపెట్టి అమ్మకము సాగించుటయే దోషము.

ఈ సూక్ష్మ తరంగముల విద్యలో తొలి యడుగు వేసినవారిలో భారతీయు డొకడుండుట మఱువరాదు. 1895లో కలకత్తా నగరమున జగదీశచంద్ర వసువు తీగయొక్క సాయము లేకయే విద్యుత్తరంగములచే దూరమందలి గంట మ్రోగించి చూపెను. ఆయన ప్రయోగములలోని కొన్ని తరంగములు మిల్లీమీటర్లతో గొలువదగినవి. నేడు వేలములో కోట్లు పెట్టి కొన్న 26 గిగాహెర్ట్‌జ్ తరంగము ఆ కుటుంబములోనిదే. విద్య యిచ్చట బుట్టి, నూటయిరువదియేండ్లకు పైబడిన పిమ్మట సరకై తిరిగివచ్చినది. అంతటితో దుఃఖింప బనిలేదు; ఆ విద్య మన యడవికి దగినట్లు మలచుకొనుటయే మన పని.

ఇక జూలూరుపాడు వంటిచోట నీ ధర్మ మెట్లు వర్తించును? మాకు దెలిసిన గృహస్థు డొకడు ఈ ప్రాంతముననే యడవి యంచున నుండి మాకొక లేఖ వ్రాసెను. కంపెనీ పేరు చెప్పుట మా యుద్దేశము గాదు, విషయము విచారింపుడు. ఫాల్గుణ చైత్రములలో టేకు ఆకు రాల్చి మోడై నిలిచిన దినములలో ఆయన కప్పుమీద పెట్టె బిగించిరి. బిగించిన సాయంకాలము వేగము జూచి ఇంటిల్లిపాదియు సంతసించిరట. తొలకరి వచ్చి టేకు చిగిర్చి, ఏనుగు చెవులంతేసి యాకులు తడిసి వ్రేలాడగానే వేగము సగమునకు దిగెను. శ్రావణ మాసపు ముసురులో మఱింత దిగెను. ఆయన ఫిర్యాదు చేయగా వచ్చిన జవాబు 'మీ గ్రామము మా పటములో నున్నది' అని. గ్రామము పటములో నుండవచ్చును. ఆయన యిల్లు టేకుల వెనుకనున్నది. ఆ పెట్టెను వేసవిలో గాక వానకాలమున బిగించినచో, లేదా నాలుగు గజముల గొట్టముపై నెత్తి కట్టినచో, ఈ చిక్కు ముందే తెలిసియుండును, కొంత తీఱియు నుండును. మైదానమునందలి నియమమును మన్నెమునకు మార్పులేక తెచ్చుటచే వచ్చిన లోపమిది.

చెట్టుతో చిక్కు ముగియదు. గాలితీగ యనునది ఇంటికి ప్రత్యేకించిన కాలువ గాదు. ఊరందఱు తోడుకొను చెరువు. టవరుపై నొకదిక్కునకు మొగమైన యొక యంత్రభాగము సెకనుకు 600 మెగాబిట్లు పంచగలదని యుదాహరణకు తలంతము. ఇంటికి 30 చొప్పున నిరువది యిండ్లు ఏకకాలమున తోడిన చెరువు అడుగంటును. అందఱు నొక్కమారు తోడరు గనుక కంపెనీలు అంతకన్న హెచ్చు ఇండ్లకు అమ్ముట సహజమే, కొంతమేరకు న్యాయమే. కాని రాత్రి యేడు మొదలు పది గంటలదాక ఊరందఱు నొక్కమారే తోడుదురు. పైగా అదే టవరుపై చేతిఫోనులుగూడ బ్రతుకవలెను. ఇంటి సేవ ఫోనుకన్న ననేక రెట్లు త్రాగును. ఇంటి పెట్టె కొన్నవాడు సినిమా చూచుచుండగా, పెట్టె కొనజాలని కూలివాని ఫోను మూగవోయినచో, ఆ గ్రామమునకు లాభము వచ్చినట్లా, నష్టము వచ్చినట్లా?

కొందఱు నెలకు 1,000 గిగాబైట్లను పరిమితిని జూచి భయపడుదురు. లెక్క వేసి చూతము. సెకనుకు 30 మెగాబిట్ల నిండువేగముతో నెడతెగక వాడిన నీ మొత్తము 74 గంటలలో, అనగా దినమునకు రెండున్నర గంటల చొప్పున, తీఱిపోవును. కాని సామాన్య గృహస్థు నిండువేగమున నెడతెగక వాడడు. సెకనుకు 5 మెగాబిట్లతో సాగు వీడియో పాఠము గంటకు రెండుంబావు గిగాబైట్లు మాత్రమే గైకొనును. ఆ లెక్కన 440 గంటలు గడచును. కావున పల్లెటింటికి పరిమితి శత్రువు గాదు. సాయంకాలపు రద్దీ, తెగిపోవు కరెంటు, టవరు వెనుకనున్న బలహీనత — ఇవి శత్రువులు.

టవరు వెనుకనున్న బలహీనత యననేమి? చూపఱులకు టవరు గాలినుండి ఇంటర్నెట్టు దీయునట్లు తోచును. నిజమునకు దాని పాదమువద్ద గాజుతీగయైన నుండవలెను, లేదా పళ్లెములద్వారా మఱియొక టవరునుండి ప్రవాహము రావలెను. పాదమువద్ద పిల్లకాలువ యున్నచో శిఖరముపై 5జీ పెట్టినను ఏరు పాఱదు. కరెంటు పోయి బ్యాటరీ యుడిగినప్పుడు శిఖరము నిశ్శబ్దమగును. ఇంటిలో దీపమారిన రౌటరును ఆరును. ఈ యన్నిటిని గొలిచి చూడనిదే 'మా సేవ మీ యూరికి వచ్చినది' యనుట, చెరువుకట్ట చూపి పొలము తడిసినదనుట వంటిది.

ప్రభుత్వమువారు కొలమానములు విధింపలేదని మేమనము. టెలికాం నియంత్రణ సంస్థయైన ట్రాయ్ వారు 2024లో సేవానాణ్యతా నిబంధనలను వెలువరించిరి. అవి ఆ సంవత్సరము అక్టోబరు 1నుండి అమలులోనికి వచ్చినవి. ఏ చోట ఏ తరము సేవ లభించునో తెలుపు పటములను కంపెనీలు తమ వెబ్‌సైటులలో ప్రకటింపవలెనని అందు విధించిరి. ఇది మెచ్చదగిన విధి. కాని పటము రంగు చెప్పును గాని రుచి చెప్పదు. రంగువేసిన ప్రదేశమున తరంగము తగులునని దాని యర్థము. రాత్రి ఎనిమిది గంటలకు వేగమెంత, పంపు వేగమెంత, నెలలో నెన్ని గంటలు మూగవోవును, ఆకుకాలమున నేమగునని దానియందుండదు. మఱియు దేశమున బ్రాడ్‌బ్యాండనిపించుకొనుటకు కనీసవేగ మెంత? 2023 జనవరిలో సవరించిన నిర్వచనమునుబట్టి సెకనుకు 2 మెగాబిట్లు. అంతకుముందు అర మెగాబిట్టే. కనుక 30 మెగాబిట్లు కొన్నవానికి మూడు దక్కినను శాసనదృష్టిలో నది బ్రాడ్‌బ్యాండే! కనీసము పేరుకొఱకు పెట్టినది. వాగ్దానము సొమ్ముకొఱకు చేసినది. రెంటికిని నడుమ నున్న యంతరమున గ్రామవాసి మునుగుచున్నాడు.

ఇదంతయు వినోదమునకై కలహమని యెవరైన ననుకొందురేమో. కాదు. నేడు ఇంటర్నెట్టు ప్రభుత్వపు గడపయైనది. రేషను బియ్యమునకు వ్రేలిముద్ర దానిద్వారా పోవలెను. ఉపాధి హామీ పనిచోట కూలీల హాజరు ఫోటోతో యాప్‌లో నెక్కింపవలెనని 2023 జనవరి 1నుండి నిర్బంధించిరి. సిగ్నలు లేనిచోట చెమటోడ్చిన దినము లెక్కకు రాకుండు ప్రమాదము దానితో వచ్చినది. ఈ-సంజీవని ద్వారా దూరపు వైద్యుడు రోగిని జూడవలెనన్నను బొమ్మ నిలువవలెను. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో బడులు మూతపడియుండగానే పాఠములు మొదలైనప్పుడు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ ప్రసారములపై బిడ్డలు ఆధారపడవలసివచ్చెను. టీవీ పాఠము చెప్పును గాని బిడ్డ సందేహము వినదు. ఏ ప్రభుత్వము తన గడపను గాలిలో గట్టినదో, ఆ ప్రభుత్వమే గాలిలోనికి మెట్లు గట్టవలెను. గడప మాత్రము పైకెత్తి మెట్లు వర్తకుని దయకు విడుచుట ధర్మము గాదు.

మెట్లు గట్టుటకు యత్నములు జరుగకపోలేదు. గ్రామపంచాయతులకు గాజుతీగ వేయు పథకము 2011లో ఆమోదింపబడి, తరువాత భారత్‌నెట్ అను పేరు దాల్చినది. 2023 ఆగస్టులో దానిని సవరించి 1,39,579 కోట్ల రూపాయలు కేటాయించిరి. తీగ యొకచోట తెగినను మఱియొక దారిని ప్రవాహము వచ్చునట్లు వలయముగా వేయుట యీ సవరణలోని సుగుణము. 4జీ యెఱుగని 24,680 గ్రామములకు టవరులు వేయుటకై 2022 జూలైలో 26,316 కోట్లు మంజూరైనవి. నక్సలైటు ప్రభావిత ప్రాంతములలోని 2,343 పాత 2జీ టవరులను 4జీకి మార్చుటకు అదే సంవత్సరము ఏప్రిలులో ననుమతించిరి. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి గొట్టములకై త్రవ్విన కందకములలోనే గాజుతీగకు దారి యేర్పఱచి టీ-ఫైబరు తలపెట్టిరి. ఆంధ్రప్రదేశమున కరెంటు స్తంభములపై తీగ వ్రేలాడదీసి, నెలకు 149 రూపాయలకే సేవయిత్తుమని ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌గారిచే ప్రారంభింపించిరి. ఉపాయములు మెచ్చదగినవే. పథకములు పుష్కలము, చివరి మైలు మాత్రము ఎప్పుడును చివరనే మిగిలియున్నది.

ఇచ్చటనే గాలితీగ యొక్క సరియైన స్థానము మాకు గోచరించుచున్నది. గాజుతీగకు గాలితీగ ప్రత్యర్థి గాదు, తమ్ముడు. పంచాయతీ వఱకు ప్రజాధనముతో గాజుతీగ రావలెను. టవరు పాదమును అది తడుపవలెను. అచ్చటినుండి గూడెములకు, తండాలకు, చేలలోని యిండ్లకు గాలితీగ పోవలెను. అన్నను విడిచి తమ్ముని మాత్రము పంపినచో వాడు అడవిలో దారి తప్పును. అటవీ భూములలో తీగ వేయుటకు 1980 నాటి అటవీ శాసనము అడ్డమని సాకు చెప్పుట పరిపాటియైనది. కాని 2006 నాటి అటవీ హక్కుల చట్టమునందలి మూడవ విభాగము ప్రభుత్వము నిర్వహించు పాఠశాలలు, ఆసుపత్రులు, విద్యుత్తు, టెలికమ్యూనికేషను తీగలు మొదలగువానికై, ఒక్కొక్కదానికి హెక్టారునకు మించని యటవీభూమిని గ్రామసభ సిఫారసుపై మళ్లింపవచ్చునని చెప్పుచున్నది; హెక్టారునకు 75 చెట్లకు మించి కొట్టరాదను కట్టుబాటును అందే యున్నది. దారి శాసనమునందే యున్నది. గ్రామసభ తీర్మానించి కాగితము పంపుట మాత్రము మిగిలియున్నది.

మన దేశమునకు దగిన తరంగవిద్య మనమే కల్పించుకొనలేమా యను సందేహము వలదు. 1990వ దశకములోనే మద్రాసు ఐ.ఐ.టి.లో అశోక్ ఝున్‌ఝున్‌వాలాగారి బృందము 'కార్‌డెక్ట్' అను పేర ఇంటికి తీగలేని టెలిఫోను పద్ధతిని రూపొందించి, మాటతోబాటు ఇంటర్నెట్టును గూడ అందించెను. నేటి గాలితీగకు అది పూర్వజుడు. 5జీ ప్రమాణములు లోకమున నిర్ణయమగుచున్నప్పుడు, మన గ్రామముల దూరములకు సరిపడునట్లు టవరునకు టవరునకు నడుమ ఆరు కిలోమీటర్లున్నను సేవ నిలువవలెనని భారతీయులు 2017లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘమునందు పట్టుబట్టి యొప్పించిరి. ఆ కృషియందు మన సంగారెడ్డి జిల్లా కందిలోని హైదరాబాదు ఐ.ఐ.టి. ఆచార్యుడు కిరణ్ కూచిగారి పాత్ర గణనీయము. దీని సారము సామాన్యునకు దెలియునట్లు చెప్పుదము: టవరు చుట్టును కిలోమీటరు పోవు తరంగము మూడు చదరపు కిలోమీటర్ల నేలను గప్పును, మూడు కిలోమీటర్లు పోవు తరంగము ఇరువదియెనిమిదింటిని గప్పును. దూరము మూడురెట్లైన నేల తొమ్మిదిరెట్లగును. పల్లెకు టవరు గిట్టుబాటగుటకు రహస్య మిదియే. ప్రమాణములో నొప్పించిన యా హక్కు మన యడవి గ్రామములలో ఆచరణకు రానిచో గెలుపు కాగితముమీదనే యుండిపోవును.

2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగుడలో స్వదేశీ 4జీ పరికరములతో బి.ఎస్.ఎన్.ఎల్. వ్యవస్థను ప్రధానమంత్రి ప్రారంభించిరి. అంతకు మున్నే, 2023 జూన్‌లో ఆ సంస్థకు 89,047 కోట్ల యుద్ధరణ సాయము నిచ్చుచు, ఇంటింటికి గాలితీగ సేవ నందించుటయు దాని ప్రయోజనములలో నొకటిగా ప్రభుత్వమువారు పేర్కొనిరి. 2025 జూన్‌లో హైదరాబాదున క్వాంటమ్ 5జీ అను పేర నా సేవకు శ్రీకారము చుట్టిరి. ఇచ్చటనే మా యాక్షేపణ. ప్రైవేటు వర్తకులు లాభమున్న నగరమునుండి మొదలిడుట స్వభావము. ప్రజల సంస్థయు నగరముననే మొదలిడుటయేల? హైదరాబాదులో గృహస్థునకు నాలుగు కంపెనీల తీగలు గుమ్మమునందే వ్రేలాడుచున్నవి. ప్రజాధనముతో బ్రతికిన సంస్థ తన మొదటి పెట్టెను జూలూరుపాడు వంటి యూరి కప్పుపై బిగించినచో దాని పుట్టుకకు సార్థక్యముండెడిది.

జనము తక్కువ, రాబడి తక్కువ, కావున నష్టమని వర్తకులు చెప్పుదురు. వారి లెక్క తప్పు గాదు. కాని ఆ నష్టమును బూడ్చుటకే యొక నిధి యున్నది. సార్వత్రిక సేవానిధి యను పేర 2002లో వెలసి, 2023 నాటి టెలికాం చట్టముతో డిజిటల్ భారత్ నిధియైన దానికి కంపెనీలు తమ సవరించిన స్థూలాదాయమునుండి నూటికి 5 వంతులు చెల్లించుచున్నవి. ఆ సొమ్మెవరిది? ఫోనుకు రీఛార్జి వేయించుకొను ప్రతివానిది. ప్రత్తి యేరు కూలిది, తునికాకు కోయు కోయదానిది, తండాలోని లంబాడీ యువకునిది. రెండు దశాబ్దములకు పైగా వారు తమ వంతు చెల్లించుచునే యున్నారు. ఇప్పుడు వారడుగునది దానము గాదు; ముందే చెల్లించిన ధరకు సరకు.

కావున మేము కోరునవి యివి. కంపెనీలు ఇంటికప్పుపై కొలిచి చూపి, ఆ కొలతను కాగితముపై వ్రాసియిచ్చిన పిమ్మటనే సొమ్ము గైకొనవలెను; వానకాలమున మఱల గొలువవలెను; వ్రాసిన వేగములో సగమైన నందనినాడు ఆ నెల రుసుము తగ్గింపవలెను. ట్రాయ్ వారు పటములయందు గ్రామము చాలదని, తండా తండాకు, గూడెము గూడెమునకు రాత్రివేళ వేగమును, మూగవోయిన గంటలను ప్రకటింపజేయవలెను. ఇంటి సేవను, ఫోను సేవను విడివిడిగా గొలువవలెను. ఒకదాని మెఱుగు మఱొకదాని చేటు గాకుండ జూడవలెను. నిధినుండి సాయము బొందిన టవరునకు గాజుతీగయు, కరెంటు పోయినను నిలుచు బ్యాటరీయు షరతులు గావలెను. భారత్‌నెట్, టీ-ఫైబరు తీగ యే పంచాయతీలో వెలుగుచున్నదో, ఎచ్చట చీకటిగా నేలలో బడియున్నదో, జిల్లా యధికారులు గ్రామసభ యెదుట చదివి వినిపింపవలెను.

గ్రామవాసులకును గర్తవ్యమున్నది. మౌనముగా సహించు వినియోగదారుని ఏ కంపెనీయు లెక్కింపదు. ట్రాయ్ వారు 2016లో వెలువరించిన మైస్పీడ్ అను యాప్ వేగమును గొలిచి వారికే పంపును. చదువుకొనిన యువకులు పదుగురు చేరి, వారమునకు రెండుమార్లు, ఉదయమొకమారు రాత్రి యెనిమిదింటికొకమారు, తమ తమ వాడలలో గొలిచి నోటుబుక్కులో వ్రాసిన నొక వానకాలము ముగియుసరికి ఏ కంపెనీ పటముకన్నను నిజమైన పటము మీచేత నుండును. ఆ పుస్తకమును గ్రామసభ ముందుంచి తీర్మానింపుడు. కోపముతో వ్రాసిన నూఱు ఫిర్యాదులకన్న, తేదీ గంటతో వ్రాసిన నూఱు కొలతలు బలవత్తరములు. నీటి వంతును, భూమి గట్టును గొలిచి దక్కించుకొనిన రైతుకు గాలి వంతును గొలుచుట కొత్త విద్య గాదు.

భద్రాచలపు టడవుల యంచున నున్న బాలిక పాఠము వినుచుండగా బొమ్మ నిలిచిపోయి, మాస్టరు పెదవులు సగము తెఱచి యుండగానే ఆగిపోయిన క్షణమును దలచుకొనుడు. ఆ బాలిక వేచియుండును. ఆమె యీడు గల హైదరాబాదు బాలిక వేచియుండక తరువాతి పాఠమునకు బోవును. ఆ రెండు క్షణముల యంతరమే పదియేండ్లకు రెండు జీవితముల యంతరమగును. గాలితీగ ఆ యంతరమును పూడ్చగలదు. నిర్లక్ష్యముతో నడపిన దానిని పెంచనుగలదు. ఏది జరుగునో తరంగములు నిర్ణయింపవు. కొలిచి యడుగు ప్రజలును, అడిగిన దానికి బదులు చెప్పవలసిన ప్రభుత్వమును నిర్ణయించును.